నీళ్లలోని ఇనుముకు వెలుగే తూకం

బోరింగు నీళ్లలో ఇనుము ఎక్కువగా ఉంటే టీ పట్టిస్తుంది. పొయ్యి మీద డికాషన్ మామూలు ఎర్రదనం వదిలి మసిరంగుకు తిరుగుతుంది. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే దారికి అటూ ఇటూ, అడవి మొదలయ్యే ఊళ్లలో, కోయ గూడేల్లో నీళ్లు మోసే ఆడవాళ్లకు ఇలాంటి గుర్తులు ఇంకా చాలా తెలుసు. పట్టినప్పుడు తేటగా ఉన్న బిందె పొద్దెక్కేసరికి పసుపెక్కుతుంది. మర్నాటికి అడుగున తుప్పురంగు మడ్డి పేరుకుంటుంది. గుక్కెడు తాగితే నాలుక మీద చిలుము రుచి. తెల్లబట్టలు ఉతికితే మరకలు. అన్నీ నిజమైన గుర్తులే. కానీ వీటిలో ఏదీ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పదు: ఎంత? నీళ్లు బాగోలేవని దరఖాస్తు పెట్టుకుంటే అది ఫిర్యాదు. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల ఇనుముందని కాగితం చూపిస్తే అది సాక్ష్యం. ఆ అంకెను తెచ్చిపెట్టేది వెలుగు.

అసలు ఆ ఇనుము ఎక్కడిది? ఈ నేలలో దానికి కొదవ లేదు. బయ్యారం గుట్టల్లో ఇనుప ఖనిజం ఉంది. దేశంలో మొదటి స్పాంజ్ ఐరన్ కర్మాగారం 1980లో పాల్వంచలోనే ఉత్పత్తి మొదలుపెట్టింది. బొగ్గు పొరల్లో ఉండే పైరైట్ కూడా ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజమే. ఎర్రమట్టికి ఆ ఎరుపు ఇచ్చింది ఇనుమే. అయితే మట్టిలోని తుప్పు మామూలుగా నీళ్లలో కరగదు. కరగాలంటే ప్రాణవాయువు అందని లోతు కావాలి. భూమిలోకి ఇంకే నీళ్లు దారిలో కుళ్లిన ఆకూ అలమూ మీదుగా పోతే, ఆ కుళ్లుడులోని సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడేస్తాయి. అలాంటి నీళ్లలో ఇనుము తన రూపం మార్చుకుని, రంగు లేకుండా కరిగిపోతుంది. బోరింగు కొట్టినప్పుడు పైకొచ్చిన నీళ్లు తేటగా ఉండడానికి కారణం ఇదే. బిందెలో గాలి తగిలాక మళ్లీ తుప్పుగా మారి అడుగుకు దిగుతుంది. కంటికి మడ్డి కనబడేసరికి కథ సగం అయిపోయిందన్నమాట.

డికాషన్ నల్లబడడం వెనక ఉన్నది టానిన్. టీ ఆకులో ఉన్న ఈ పదార్థం ఇనుముతో కలిస్తే నల్లటి సమ్మేళనం తయారవుతుంది. భద్రాచలం అడవుల్లో ఏరి, గిరిజన సహకార సంస్థ డిపోల్లో అమ్మే కరక్కాయలో టానిన్ ఇంకా ఎక్కువ. కలంకారీ కళాకారులు బట్టను ముందు కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవాన్ని కలంతో దాని మీద గీస్తారు. గీసిన చోటల్లా నలుపు తేలుతుంది. ఇదే గుణాన్ని పరీక్షగా వాడుకున్నవాళ్లు చాలా కాలం కిందటే ఉన్నారు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, రాగి చిలుములో ఇనుప లవణం కల్తీ చేశారో లేదో తెలుసుకోవడానికి మాచికాయ రసంలో నానబెట్టిన పపైరస్ కాగితాన్ని వాడాలని రాశాడు. కాగితం నల్లబడితే కల్తీ. రంగును చూసి లోహాన్ని గుర్తుపట్టిన రాతపూర్వక పరీక్షల్లో చాలా పాతది ఇదే. నల్లబడిందా లేదా అన్నంత వరకు ప్లినీ చెప్పగలిగాడు. ఎంత నల్లబడింది అన్నది కొలవడానికి ఇంకా పదిహేడు శతాబ్దాలు పట్టింది.

రంగు అంటే మింగగా మిగిలిన వెలుగు. ఖమ్మం మిర్చి రైతులకు తెగుళ్ల మందుగా తెలిసిన మైలుతుత్తం నీళ్లలో కలిపితే నీలంగా కనిపిస్తుంది. అందులోని రాగి తెల్లటి వెలుగులోంచి ఎరుపు వైపు భాగాన్ని పట్టేసుకుంటుంది, నీలం మనదాకా వస్తుంది. డ్రమ్ములో మందు ఎక్కువ పడితే నీలం చిక్కబడుతుంది, తక్కువైతే పలచబడుతుంది. అంటే చిక్కదనంలో లెక్క దాగి ఉంది. కానీ ఆ లెక్క తీయడానికి కన్ను సరిపోదు. ఎండలో చూస్తే ఒకలా, ఇంటి వసారాలో చూస్తే ఒకలా ఉంటుంది. ఇద్దరు మనుషులు ఒకే సీసాను చూసి రెండు మాటలు చెబుతారు. పైగా మైలుతుత్తం లాంటి లవణాల్లో రాగి రంగు చాలా బలహీనం. లీటరుకు ఒక మిల్లీగ్రాము కలిపితే నీళ్లు మామూలు నీళ్లలాగే కనిపిస్తాయి.

వెలుగు ఎలా తగ్గుతుందన్న సంగతిని మొదట పట్టుకున్నవాడు ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ బూగెర్. 1729లో అచ్చయిన తన గ్రంథంలో, సమాన మందం ఉన్న ఒక్కో పొర తన మీద పడిన వెలుగులో ఒకే వంతును తీసేస్తుందని చెప్పాడు. ఒకే మొత్తాన్ని కాదు, ఒకే వంతును. మొదటి పొర సగం తీసేస్తే రెండోది మిగిలిన సగంలో సగం తీస్తుంది, మూడోది అందులో సగం. భద్రాచలం దారిలో టేకు చెట్ల కింద నిలబడినవాళ్లకు ఇది ఒంటికి తెలిసిన విషయమే. పై కొమ్మలు దాటేసరికే ఎండ బాగా విరిగిపోతుంది, కింది పొదల దగ్గరికి వచ్చేది అందులో కొద్ది వంతే. ఇది పోలిక కోసం చెప్పిన మాట కాదు. ఆకుల పొరల్లో వెలుగు తగ్గే తీరును 1953లో జపాన్ శాస్త్రవేత్తలు మొన్సి, సయెకి ఇదే సూత్రంతో లెక్కకట్టారు. అడవుల మీద పరిశోధన చేసేవాళ్లు ఇప్పటికీ ఆ లెక్కనే వాడుతున్నారు. బూగెర్ చెప్పినదాన్ని 1760లో లాంబర్ట్ గణిత సూత్రంగా మలిచాడు. మందం పెంచినా, అదే మందంలో కరిగిన పదార్థం పెంచినా వెలుగుకు ఒకటేనని 1852లో జర్మనీకి చెందిన ఆగస్ట్ బేర్ చూపించాడు. మన ఇంటర్, డిగ్రీ పుస్తకాల్లో బేర్–లాంబర్ట్ నియమంగా చదివేది దీన్నే. బూగెర్ పేరు అందులోంచి జారిపోవడం అన్యాయమే అనిపిస్తుంది.

వంతుల్లో తగ్గేదాన్ని కూడికల్లోకి తేవడానికి లాగరిథమ్ వాడతారు. అలా వచ్చిన అంకెను ల్యాబుల్లో అబ్జార్బెన్స్ అంటారు. పంపిన వెలుగులో పదోవంతు బయటికొస్తే అబ్జార్బెన్స్ 1, నూరోవంతు వస్తే 2. ఈ అంకెకు ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే, లోహం రెండింతలైతే ఇదీ రెండింతలవుతుంది. గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది.

ఇక బోరింగు నీళ్ల దగ్గరికి వద్దాం. సాదా ఇనుముకు నీళ్లలో రంగు చాలదు కాబట్టి దానికి గట్టి రంగు తొడగాలి. టానిన్ నలుపు ఇందుకు పనికిరాదు. అది నిలకడగా కరిగి ఉండదు, నలకలుగా విడిపోతుంది. ల్యాబులో వాడేది ఫినాంత్రోలిన్. ముందుగా నమూనాలో ఆమ్లం పోసి మరిగిస్తారు. అప్పటికే తుప్పుగా మారిన ఇనుము కూడా మళ్లీ కరుగుతుంది. హైడ్రాక్సిలమైన్ అనే లవణం కలిపితే ఆ ఇనుమంతా భూమి లోపల ఉన్నప్పటి రూపానికి తిరిగొస్తుంది. ఆమ్లతను సరిచేసే బఫర్ పోసి, చివర ఫినాంత్రోలిన్ చుక్కలు వేస్తారు. మూడేసి ఫినాంత్రోలిన్ అణువులు ఒక్కో ఇనుప అయానును చుట్టుముడతాయి. రంగులేని నీళ్లు నారింజ కలిసిన ఎరుపులోకి మారడం కళ్లముందే జరుగుతుంది. రంగు పూర్తిగా విచ్చుకోవడానికి పది పదిహేను నిమిషాలు ఆగాలి. తొందరపడితే అంకె తక్కువొస్తుంది.

ఆ ఎర్రటి నీళ్లను ఒక సెంటీమీటరు వెడల్పున్న చిన్న గాజు పెట్టెలో పోసి స్పెక్ట్రోఫోటోమీటర్ అనే యంత్రంలో పెడతారు. ఆ పెట్టెను క్యూవెట్ అంటారు. దాని మీద వేలిముద్ర పడినా వెలుగు అడ్డుకుంటుంది కాబట్టి మసకగా ఉన్న పక్కలను మాత్రమే పట్టుకుని, తేటగా ఉన్న పక్కలను మెత్తటి కాగితంతో తుడుస్తారు. ఎర్రటి ద్రావణం గుండా ఎర్ర వెలుగు పంపితే అది హాయిగా దాటిపోతుంది, ఏమీ తెలియదు. ఈ ద్రావణం గట్టిగా పట్టేసుకునేది ఆకుపచ్చ వెలుగును, తరంగదైర్ఘ్యం 510 నానోమీటర్ల దగ్గర. కాబట్టి యంత్రం ఆ వెలుగునే ఏరి పంపుతుంది.

క్యూవెట్‌లోని ద్రావణంలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఇనుముంటే పంపిన వెలుగులో సుమారు 63 శాతం బయటికొస్తుంది, అబ్జార్బెన్స్ 0.2. రెండు మిల్లీగ్రాములుంటే 40 శాతం, 0.4. మూడుంటే 25 శాతం, 0.6. నాలుగుంటే 16 శాతం, 0.8. ప్రతి అదనపు మిల్లీగ్రామూ మిగిలిన వెలుగులో 63 శాతాన్నే వదులుతోంది. బూగెర్ మాట అక్షరాలా కనబడుతుంది. ఇనుము ఎంతుందో ముందే తెలిసిన నాలుగైదు ద్రావణాలను ఇలా కొలిచి గీత గీస్తారు. తెలియని నమూనా 0.33 చూపిస్తే ఆ గీత మీద వెతికి లీటరుకు 1.65 మిల్లీగ్రాములని చదువుతారు. నమూనాను పలచన చేసి ఉంటే ఆ మేరకు హెచ్చిస్తారు. ఒక మిల్లీగ్రాము అంటే ఎంతని? పదిహేను లీటర్ల బిందె మొత్తంలో కలిసిన ఇనుము ఒక బియ్యపు గింజ బరువుకు కూడా రాదు. అంత కొద్దిపాటి లోహాన్ని ఏ త్రాసూ నీళ్లలోంచి తూచలేదు. వెలుగు తూచిపెడుతుంది.

యంత్రం అబద్ధం చెప్పదు గానీ, మనం తెచ్చిన నీళ్లు చెప్పొచ్చు. రాత్రంతా వాడని బోరింగులో మొదటి బిందె పడితే భూమిలోని ఇనుము కాదు, పైపు తుప్పు కొలిచినట్టవుతుంది. కొంతసేపు బాగా కొట్టి, నిలవ నీరంతా పోయాక పట్టాలి. పట్టిన సీసాను అలాగే వదిలేస్తే ల్యాబుకు చేరేలోపు ఇనుము తుప్పుగా మారి సీసా గోడలకు అంటుకుంటుంది. పైన తేరిన నీళ్లను కొలిచి అంతా బాగుందని రాసే ప్రమాదం ఉంది. అందుకే లోహాల పరీక్షకు తీసే సీసాలో పట్టిన చోటే కొద్దిగా నైట్రిక్ ఆమ్లం వేస్తారు. వరద రోజుల్లో గోదావరి నీళ్లతో ఇంకో చిక్కు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో నది 71 అడుగులు దాటింది. ఆ రోజుల్లో నీళ్లలోని ఒండ్రు వెలుగును పక్కలకు చెదరగొడుతుంది. యంత్రానికి చెదిరిన వెలుగూ మింగిన వెలుగూ ఒకటే, రెండూ అవతలికి చేరలేదని మాత్రమే దానికి తెలుసు. బురదను వడకట్టకుండా, రంగు రసాయనం వేయని అదే నీటిని సరిపోల్చకుండా కొలిస్తే లేని ఇనుము ఉన్నట్టు చూపిస్తుంది. మరీ ముదురు ద్రావణాల్లో సరళరేఖ కూడా వంగిపోతుంది. అప్పుడు పలచన చేసి మళ్లీ కొలవాలి. ఈ జాగ్రత్తలు రాయని నివేదికను నేనైతే నమ్మను.

ఇనుము కనీసం రుచితో, మరకతో తన ఉనికి చెబుతుంది. సీసం, కాడ్మియం చెప్పవు. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003, పాదరసం 0.001 దాటకూడదు. బొగ్గు గనులు, బొగ్గు మండించే విద్యుత్ కేంద్రం, దాని బూడిద చెరువులు ఉన్న ప్రాంతంలో ఈ లోహాల మీద కన్నేసి ఉంచడం అవసరం. ఏ బొగ్గు బూడిదలోనైనా ఇలాంటి లోహాలు కొద్ది కొద్దిగా ఉంటాయి. ఇంత తక్కువ మోతాదులకు చాలాసార్లు రంగు పరీక్షలు చాలవు. అప్పుడు అణువులను వదిలి నేరుగా పరమాణువులనే అడగాలి.

ఆ దారి సూర్యుడి నుంచి మొదలైంది. సూర్యకాంతిని పట్టకంతో విడదీస్తే ఇంద్రధనుస్సు రంగుల మధ్య సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. 1814లో ఫ్రౌన్‌హోఫర్ వాటిని వందల్లో లెక్కపెట్టాడు. సూర్యుడి వాతావరణంలో ఆవిరై ఉన్న సోడియం, ఇనుము, కాల్షియం లాంటి మూలకాలు తమ తమ రంగులను మింగేసిన గుర్తులే అవని 1859లో కిర్కాఫ్ తేల్చాడు. ఈ కథలో మన గుంటూరు కూడా ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని వర్ణపటదర్శినితో చూడడానికి ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ ఎంచుకున్న చోటు గుంటూరే. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగు గీతలను అక్కడ నమోదు చేశాడు. హీలియం కనుగొన్న చరిత్ర ఆ గ్రహణంతోనే మొదలవుతుంది. ఆ తర్వాతి శతాబ్దంలో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు కొచ్చెర్లకోట రంగధామరావు పరమాణు వర్ణపటాల పరిశోధనకు ఒక బలమైన కేంద్రాన్నే నిలబెట్టారు.

సూర్యుడిలో జరిగేదాన్ని ల్యాబు బల్ల మీద కొలత పనిముట్టుగా మార్చిన ఘనత ఆస్ట్రేలియాలో పనిచేసిన అలన్ వాల్ష్‌ది. 1952లో ఒక ఆదివారం ఉదయం తోటపని చేసుకుంటుండగా ఆలోచన తట్టిందని ఆయనే చెప్పేవాడు. 1955లో పత్రం అచ్చయింది. సీసాన్ని కొలవాలంటే సీసంతోనే చేసిన దీపం వెలిగించాలి. ఆ దీపం సీసపు పరమాణువులు ఇచ్చే వెలుగునే ఇస్తుంది. సన్నని తుంపరగా మార్చిన నీళ్లను సుమారు 2,300 డిగ్రీల గాలి–ఎసిటిలీన్ మంటలోకి పంపితే నీరు ఆవిరై, లవణాలు విడిపోయి, లోహం ఒంటరి పరమాణువులుగా మిగులుతుంది. ఆ మంటలోంచి దీపపు వెలుగు పోతుంటే అందులో ఉన్న సీసపు పరమాణువులే దాన్ని పట్టుకుంటాయి. పక్కన ఇనుమున్నా, కాల్షియం ఉన్నా వాటికి ఆ వెలుగు పట్టదు. ఇనుముకు 248.3 నానోమీటర్లు, రాగికి 324.8, ఇలా దేని వెలుగు దానిది. మంటకు కూడా అందని మోతాదులకు నమూనా చుక్కను గ్రాఫైట్ గొట్టంలో పెట్టి కాలుస్తారు. అప్పుడు లీటరుకు మిల్లీగ్రాములో వెయ్యోవంతు స్థాయిలో కూడా లెక్క వస్తుంది.

లోహం కాకపోయినా ఒక పొరుగు సంగతి చెప్పుకోవాలి. అశ్వాపురం దగ్గరున్న మణుగూరు భారజల కర్మాగారం తయారుచేసే నీరు చూడడానికి మామూలు నీరే. కానీ దాని అణువుల్లోని హైడ్రోజన్ బరువైన రకం. భారజలం ఎంత శుద్ధమో తేల్చడానికి శాస్త్రం వాడే ప్రధాన పద్ధతుల్లో ఒకటి పరారుణ కాంతి శోషణమే. మామూలు నీటి బంధం సుమారు 3 మైక్రోమీటర్ల దగ్గర కాంతిని పట్టుకుంటే భారజలపు బంధం 4 మైక్రోమీటర్ల దగ్గర పట్టుకుంటుంది. గూడెంలోని బోరింగుకూ ఆ కర్మాగారానికీ పనికొచ్చేది ఒకే నియమం.

మరి అంకె వచ్చాక? 2012 నాటి భారతీయ ప్రమాణం తాగునీటిలో ఇనుముకు లీటరుకు 0.3 మిల్లీగ్రాము హద్దు పెట్టింది. తర్వాతి సవరణలో దాన్ని 1 మిల్లీగ్రాముకు పెంచారు. ఇనుము సీసం లాంటి విషం కాదు. కానీ చిలుము రుచి భరించలేక జనం బోరింగును వదిలి వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని ఆ నీళ్లు తాగడం మొదలుపెడితే, అసలు ప్రమాదం అక్కడుంది. చెలమలో ఇనుము ఉండకపోవచ్చు, రోగాలు తెచ్చే క్రిములు ఉండొచ్చు. ఇంటి కుళాయిల్లో మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నా, వరుసగా రెండు రోజులు కుళాయి ఆగితే మళ్లీ దిక్కు బోరింగే. కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయడం తప్పు.

కేంద్ర ప్రభుత్వ జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లు వాడడం నేర్పాలన్నది నియమం. కిట్టులోని రంగుల కార్డు తొలి జల్లెడగా బాగా పనికొస్తుంది, హద్దు దగ్గర మాత్రం కంటి తీర్పు చాలదు. అలాంటి నమూనా తప్పకుండా స్పెక్ట్రోఫోటోమీటర్ ఉన్న ల్యాబుకు వెళ్లాలి. 2021 నుంచి ప్రభుత్వ నీటి పరీక్షా కేంద్రాలను నామమాత్రపు రుసుముతో ప్రజలకూ తెరిచారు. మన డిగ్రీ కళాశాలల కెమిస్ట్రీ ల్యాబుల్లో కూడా చాలాచోట్ల రంగు చిక్కదనాన్ని కొలిచే కలరిమీటరైనా ఉంటుంది. ఇనుమును రంగుతో కొలిచే ప్రయోగం విద్యార్థులు ఎలాగూ చేస్తారు. లెక్చరర్ కలిపిచ్చిన ద్రావణాన్ని కొలిచి, సరైన జవాబు వచ్చిందని మార్కులు వేయించుకుని, ఆ నీళ్లను తొట్టిలో పారబోస్తారు. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం అధ్యాపకులకు నా విన్నపం ఇదే: ఈ ఏడాది ఆ ప్రయోగానికి నమూనాలు అడవి అంచు బోరింగుల నుంచి తెప్పించండి. తేదీ, ఊరు, అంకె ఒక పుస్తకంలో రాయించండి. ఒక ప్రతి పంచాయతీకి ఇవ్వండి. అందుకు కావలసినవి ఓ సీసా, కొద్దిగా ఆమ్లం, మీ దగ్గర ఇప్పటికే ఉన్న యంత్రం.